బెడ్ దొరికాక ఏం జరిగింది

2021 మే మొదటివారం, కోవిడ్ రెండో వేవ్. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లో అందరి మనసూ కాస్త కుదుటపడిన రోజే ఆక్సిమీటర్‌లో నా ఆక్సిజన్ 86 చూపించింది. మా తమ్ముడు కాలుగాలిన పిల్లిలా ఒంగోలంతా తిరిగాడు. ఒకచోట బెడ్ ఉంది, ఆక్సిజన్ లేదన్నారు. ఇంకోచోట ఆక్సిజన్ ఉంది గానీ వెంటిలేటర్ అవసరమైతే మీరే వేరే ఊరు చూసుకోవాలని ముందే సంతకం పెట్టించుకున్నారు. అక్కడే చేరాను.

నాకు మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పెట్టారు. సిలిండర్లు మార్చే అబ్బాయి చెప్పాడు, పెద్ద సిలిండర్లో సుమారు 7,000 లీటర్లు పడుతుందట, అంటే నా ఒక్కడికే ఎనిమిది గంటలు కూడా రాదు, హై ఫ్లో మెషీన్ మీద ఉన్నవాళ్లకి 60 లీటర్ల దాకా పోతుంది కాబట్టి రెండు గంటలకే ఖాళీ. తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది చనిపోయారన్న వార్త మే 10 తర్వాత ఫోన్లలో వార్డంతా పాకింది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. తలవైపు గోడకి నీళ్ల సీసా ఉంటుంది, ఆక్సిజన్ వస్తున్నంతసేపూ అందులో బుడగలు లేస్తుంటాయి. కాస్త నెమ్మదిస్తే చాలు, మంచాల మీదున్న వాళ్లందరం ఒకేసారి తలలు తిప్పి సీసాల వైపు చూసేవాళ్లం.

నన్ను బతికించింది, నాకు తెలిసినంతవరకు, స్టెరాయిడ్, ఆక్సిజన్, ఒక సిస్టర్. పీపీఈ కిట్ వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకుని ఉండేది, ముఖం ఎప్పుడూ చూడలేదు. "అన్నా, బోర్లా పడుకో, ఇంకో అరగంట ఓర్చుకో" అంటూ భుజం పట్టి తిప్పేది. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అందుతుంది, నా అంకె 88 నుంచి 93కి ఎక్కడం కళ్లారా చూశాను. కానీ ఒక మనిషిని అలా తిప్పాలంటే ఇంకో మనిషి పక్కన ఉండాలి కదా! వెంటిలేటర్ మీదున్న ఒక్కో పేషెంటుకి ఒక్కో నర్సు ఉండాలంటారు, మా హాలు మొత్తానికి రాత్రిపూట ఇద్దరే. ఒకవైపు ఎవరికో పల్స్ పడిపోతే రెండోవైపు వాళ్లు నీళ్లు అడగడానికి కూడా మొహమాటపడేవాళ్లు. టీవీలో మాత్రం రోజూ ఎన్ని బెడ్లు పెంచారన్నదే చెప్పేవాళ్లు, మంచం పక్కన నిలబడేదెవరని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక కోలుకోవడానికి నెలలు పట్టింది. మాట్లాడుతూ నడిస్తే ఆయాసం, స్టెరాయిడ్లకి షుగర్ పెరిగింది, కన్ను కాస్త ఎర్రబడితే బ్లాక్ ఫంగసేమోనని టెన్షన్. ఇప్పుడు మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను.

ఆ సిస్టర్‌ని కలుద్దామని తర్వాత వెళ్లాను. కోవిడ్ కోసం తాత్కాలికంగా తీసుకున్నారట, కేసులు తగ్గగానే పంపించేశారట. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు.