ఎక్స్ఛేంజ్‌కి నాకు అర్హత ఉందా?

ఎక్స్ఛేంజ్ మీద, అంటే కొంతకాలం విదేశీ విశ్వవిద్యాలయంలో చదివి రావడానికి, వెళ్లాలని మా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ విభాగంలో నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో చాలామంది కుర్చీలో కూర్చోకముందే ఒక మాట అంటారు: "నా మార్కులు అంతంత మాత్రమే, నాకు అర్హత ఉండదేమో." నేను మార్కుల సంగతి ఎత్తను. "మీ విభాగానికి ఏయే విశ్వవిద్యాలయాలతో ఒప్పందం ఉందో చూశారా?" అని అడుగుతాను. చాలామంది చూసి ఉండరు. అర్హత అన్న మాటను తమ తెలివితేటలకు పెట్టిన పరీక్షగా భావించి, అడగకుండానే తప్పుకునేవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే అది మొదట రెండు సంస్థల మధ్య ఉన్న సంబంధానికీ, ఆ తరవాత నెలల లెక్కకూ, క్రెడిట్ల లెక్కకూ చెందిన విషయం. మార్కుల వంతు వీటన్నిటి తరవాతే వస్తుంది.

నాకు బాగా తెలిసిన, యూరోపియన్ యూనియన్ నడిపే ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ఎరాస్మస్ ప్లస్‌నే తీసుకుంటాను. 1987లో 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులతో మొదలైన ఈ కార్యక్రమంలో, విద్యార్థి వైపు నుంచి అడిగేది చాలా కొద్ది: గుర్తింపు పొందిన డిగ్రీకి దారితీసే కోర్సులో నమోదై ఉండాలి. బ్యాచిలర్స్ నుంచి పీహెచ్‌డీ దాకా ఏ స్థాయి అయినా సరే. అసలు షరతులు సంస్థల మీద ఉన్నాయి. కార్యక్రమంలో భాగస్వాములైన దేశాల విశ్వవిద్యాలయాలకు యూరోపియన్ కమిషన్ ఇచ్చే ఉన్నత విద్యా చార్టర్ అనే గుర్తింపు పత్రం ఉండాలి. మిగతా దేశాల విశ్వవిద్యాలయాలైతే, ఆ చార్టర్‌లోని సూత్రాలను పాటిస్తామని ఒప్పుకుంటూ ముందుగానే ఒప్పంద పత్రం మీద సంతకం చేసి ఉండాలి. ఎంత ప్రతిభావంతుడైనా, తన విశ్వవిద్యాలయానికి ఒప్పందం లేని చోటికి ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా వెళ్లలేడు. సొంతంగా ప్రవేశం సంపాదించుకుని వెళ్లవచ్చు గాని, అప్పుడు అక్కడి ఫీజు పూర్తిగా తనే కట్టుకోవాలి. ఒప్పందం కింద వెళ్లినవారికి అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. బీమా, విద్యార్థి సంఘం, లాబ్ సామగ్రి వంటి చిన్న రుసుములు మాత్రం స్థానిక విద్యార్థులతో సమానంగా కట్టమని అడగవచ్చు.

నెలల లెక్క దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. చదువు కోసమైనా, ఇంటర్న్‌షిప్ కోసమైనా సాధారణంగా కనీసం 2 నెలలు ఉండాలి. ఒక్కో చదువు స్థాయిలో అన్నీ కలిపి 12 నెలలు మించకూడదు. బ్యాచిలర్స్, మాస్టర్స్ అని విడదీయకుండా ఏకబిగిన సాగే వైద్యం, ఆర్కిటెక్చర్ వంటి కోర్సుల్లో ఈ పరిమితి 24 నెలలు. అంత కాలం ఇల్లు విడిచి ఉండలేనివారికి, ఆన్‌లైన్ పాఠాలతో కలిపి 5 నుంచి 30 రోజులు మాత్రమే వెళ్లివచ్చే దారి కూడా ఉంది. ఒకసారి మాస్టర్స్ విద్యార్థిని ఒకామె నా దగ్గరికి వచ్చి, బ్యాచిలర్స్‌లో చదువుకు 5 నెలలు, ఇంటర్న్‌షిప్‌కు 5 నెలలు వాడుకున్నాను కాబట్టి ఇక మిగిలింది 2 నెలలేనని, ఆ కాస్త సమయంలో థీసిస్ పని పూర్తికాదని చెప్పింది. నేను కాగితం మీద మూడు గీతలు గీసి, ఒకదాని కింద బ్యాచిలర్స్, రెండోదాని కింద మాస్టర్స్, మూడోదాని కింద పీహెచ్‌డీ అని రాసి, ఒక్కోదాని పక్కన 12 వేశాను. ఆమె రెండో గీత మీద వేలుపెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది, తరవాత దరఖాస్తు ఫారం అడిగింది. అయితే ఒక స్థాయిలోపల మాత్రం లెక్క కచ్చితం. గ్రాంటు ఒక్క యూరో కూడా తీసుకోకుండా వెళ్లిన నెలలు సైతం ఆ 12లోనే కలుస్తాయి.

ఇక లెర్నింగ్ అగ్రిమెంట్. విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకునే విశ్వవిద్యాలయం, ముగ్గురూ ప్రయాణానికి ముందే దీని మీద సంతకం చేయాలి. అక్కడ చదివే కోర్సులేవో, వాటికి ఇక్కడ ఏ కోర్సుల క్రెడిట్లు ఇస్తారో అందులో రాసి ఉంటుంది. యూరప్‌లో పూర్తి విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. తరగతిలో మొదటి వరసలో నిలిచే కుర్రాడొకడు 30 క్రెడిట్లకు సంతకాలు చేయించుకుని వెళ్లాడు. అక్కడికి చేరాక ఒక కోర్సు తరవాతి సెమిస్టర్‌కు వాయిదా పడిందని తెలిసి, అదే క్రెడిట్లున్న మరో కోర్సు తీసుకుని బాగా చదివి పాసయ్యాడు. కానీ మార్పును పత్రంలో నమోదు చేయించలేదు. తిరిగివచ్చాక ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్న ఆ 6 క్రెడిట్లను అతని విభాగం ఒప్పుకోలేదు. అతనికి సకాలంలో ఒక ఈమెయిల్ రాయమని గట్టిగా చెప్పనందుకు నేను ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఎరాస్మస్ ప్లస్ కింద వెళ్లే అధ్యాపకుల నియమాలు చిన్నవే. యూరప్‌లోపల 2 రోజుల నుంచి 2 నెలల దాకా, బయటి దేశాలతో అయితే కనీసం 5 రోజులు ఉండాలి. ప్రయాణ సమయం ఇందులో కలవదు. బోధించడానికి వెళితే వారానికి, లేదా అంతకన్నా తక్కువ రోజులు ఉన్నా, కనీసం 8 గంటలు పాఠం చెప్పాలి. బోధనతోపాటు శిక్షణ కూడా పొందేవారికి 4 గంటలు చాలు. సదస్సుకు హాజరుకావడం శిక్షణ కిందికి రాదు. ఇది తెలియక సదస్సు ఆహ్వానం జతచేసి పంపే ప్రొఫెసర్ల దరఖాస్తులను వెనక్కి పంపవలసి వస్తుంది. అయితే, సిబ్బంది అంటే అధ్యాపకులే కారన్న సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. గ్రంథాలయంలో, లెక్కల విభాగంలో, పరీక్షల విభాగంలో పనిచేసేవారు కూడా మరో విశ్వవిద్యాలయంలో తమ పనే చేసేవారి పక్కన కూర్చుని నేర్చుకోవడానికి వెళ్లవచ్చు. మా గ్రంథాలయంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఒకావిడకు ఈ మాట చెప్పినప్పుడు, "అది సార్లకు కదండీ" అన్నారు. నియమావళిలో ఆ వాక్యం చూపించేదాకా నమ్మలేదు.

అన్ని కార్యక్రమాలనూ ఇదే కొలతతో చూడకూడదు. 1946 నాటి చట్టంతో మొదలైన అమెరికా ప్రభుత్వ ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ఫుల్‌బ్రైట్‌లో దరఖాస్తుదారుడి పౌరసత్వమే ముఖ్యం. అమెరికాలో శాశ్వత నివాస హక్కు ఉన్న విదేశీయులను సాధారణంగా తీసుకోరు. అక్కడికి జే-1 వీసా (ఎక్స్ఛేంజ్ మీద వచ్చేవారికి ఇచ్చే వీసా) మీద వెళ్లేవారిలో కొందరికి, ముఖ్యంగా ప్రభుత్వ నిధులతో వెళ్లేవారికి, తిరిగివచ్చి స్వదేశంలో 2 ఏళ్లు ఉండాలన్న షరతు వర్తిస్తుంది. అంతదాకా శాశ్వత నివాసానికి, కొన్ని రకాల ఉద్యోగ వీసాలకు సాధారణంగా దారి ఉండదు. ప్రొఫెసర్, పరిశోధకుల వర్గంలో వెళ్లివచ్చినవారు మళ్లీ అదే వర్గంలో వెళ్లాలంటే 24 నెలలు ఆగాలి. ఆహ్వాన లేఖ చేతికి రాగానే సంతోషంతో ఒప్పుకునేముందు ఈ గడువులను కుటుంబంతో కూర్చుని లెక్క చూసుకోవాలి.

తిరస్కరణ లేఖ వచ్చినవారు అందులో ఏం రాశారో జాగ్రత్తగా చదవాలి. "అర్హత లేదు" అనడం వేరు, "అర్హత ఉంది గాని ఎంపిక కాలేదు" అనడం వేరు. రెండోది సీట్ల సంఖ్యకు చెందిన విషయం. మార్కులు, భాషా స్థాయి లెక్కకు వచ్చేది అక్కడే. ఎరాస్మస్ ప్లస్ కింద పంపే విశ్వవిద్యాలయం ఎంపికను పారదర్శకంగా జరిపి, దాని నమోదులు దగ్గర ఉంచుకోవాలి. కాబట్టి కారణం రాతపూర్వకంగా అడగడానికి మొహమాటపడనక్కరలేదు. అలా అడిగి, తన పేరు నిరీక్షణ జాబితాలో రెండోదని తెలుసుకున్న విద్యార్థి ఒకరు, ఎంపికైనవారిలో ఇద్దరు విరమించుకోవడంతో అదే సెమిస్టర్‌లో బయలుదేరారు.