90 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్: ఏడు వారాల నీటి పరీక్షల చిట్టా

సముద్రపు చేపలు పెంచే ఈ ట్యాంక్ కొలతలు 24×18×16 అంగుళాలు. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలేసి, 10 కిలోల పొడి రాయి, 8 కిలోల అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే నికరంగా పట్టే నీళ్లు 90 లీటర్లు. ఈ అంకె ముందే తేల్చుకోవాలి, తర్వాత వేసే ప్రతి లెక్కకూ ఇదే ఆధారం. ఊరు హైదరాబాద్, కాలం ఎండాకాలం. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, కాబట్టి సముద్రంలోంచి తీసిన పగడపు రాయి జోలికి పోలేదు. భీమిలి వైపు బీచ్ ఇసుక ఊరికే వస్తుంది కానీ అందులో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు ఉంటాయి. అదీ వద్దు.

1వ రోజు. అన్నిటికంటే ముందు పరీక్షించాల్సింది ఉప్పు కలపకముందు నీళ్లని. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు సరిపోతాయని చాలామంది అనుకుంటారు. వాటికి టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన పదార్థాలు ఎన్ని పీపీఎం, అంటే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) పెడితే 70 చూపించింది. రుచి కోసం కొంత పచ్చినీటిని మళ్లీ కలిపే ఏర్పాటు చాలా మెషిన్లలో ఉంటుంది, అందుకే అంత. రాగి కలిపే కాట్రిడ్జ్ ఉన్న మెషిన్ అయితే ఇంకా ప్రమాదం: మనకు మంచిదని కలిపే రాగి రొయ్యలకూ నత్తలకూ విషం, పైగా టీడీఎస్ మీటర్ దాన్ని విడిగా చూపించదు. ఆర్‌ఓ నీటిని డీఐ రెజిన్ (నీటిలో ఇంకా మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) గుండా పంపి, మీటర్ 0 చూపించాకే డ్రమ్ములో పట్టాం.

లీటరుకి 37 గ్రాముల లెక్కన 3.3 కిలోల మెరైన్ సాల్ట్. సముద్రపు నీటిలో లీటరుకి ఉప్పులు దాదాపు 35 గ్రాములే అయినా, ప్యాకెట్ ఉప్పులో తేమ ఉంటుంది కాబట్టి ఆ రెండు గ్రాములు ఎక్కువ. పంపు పెట్టి 24 గంటలు తిప్పాం.

2వ రోజు. సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందన్నది. దాన్ని కొలిచేది రొయ్యల చెరువుల వాళ్లు వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా, భీమవరం, నెల్లూరు ఆక్వా షాపుల్లో దొరికే రకం. మొదటి తప్పు దీని దగ్గరే జరుగుతుంది. గాజు మీద మంచినీటి చుక్క వేస్తే గీత సరిగ్గా సున్నా మీద నిలిచింది. చూడ్డానికి పరికరం బాగానే ఉన్నట్టు. కానీ 35 పీపీటీకి (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) సరిపోయే ద్రావణం వేస్తే గీత 38 మీదికి ఎక్కింది. అలాగే నమ్మి ట్యాంకును 35కి తెచ్చి ఉంటే అసలు సెలినిటీ 32 దగ్గరే ఆగిపోయేది. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గరా సరిగ్గా ఉండాలని లేదు, మనకు కావాల్సింది 35 దగ్గరే. ఆ ద్రావణం ఇంట్లోనే చేసుకోవచ్చు: 36.5 గ్రాముల మామూలు ఉప్పు, 963.5 గ్రాముల ఆర్‌ఓ నీళ్లు. వంటింటి కాటా చాలదు, గ్రాములో పదో వంతు చూపే కాటా కావాలి. చుక్క వేశాక మూత మూసి అర నిమిషం ఆగి, బుడగ లేదని చూసుకుని, చిన్న స్క్రూ తిప్పి గీతను 35కి తేవాలి.

అదే రోజు అమ్మోనియా. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. చేపలు వెయ్యకుండానే ఆ బాక్టీరియాను పెంచడానికి అమ్మోనియం క్లోరైడ్ వాడాం. ఇది కళాయి పూసేవాళ్ల నవసారమే, కానీ బజారు ముద్దలో ఇంకేం కలిసిందో చెప్పలేం, ల్యాబ్ గ్రేడ్ పొడే తీసుకోవాలి. 10 గ్రాములు కరిగించి లీటరు ద్రావణం చేసి, అందులోంచి 57 మి.లీ. పోస్తే 90 లీటర్లకు 2 పీపీఎం అమ్మోనియా అవుతుంది. సీసాలో వచ్చే బాక్టీరియా కూడా వేశాం.

పరీక్షకి ఏపీఐ కంపెనీ సాల్ట్‌వాటర్ కిట్, చుక్కలు వేస్తే వచ్చే రంగును కార్డుతో పోల్చి చూసే రకం. ట్యూబులో 5 మి.లీ. ట్యాంక్ నీళ్లు, మొదటి సీసాలోంచి 8 చుక్కలు, రెండో దాంట్లోంచి 8, ఐదు సెకన్లు ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. సీసాను నిట్టనిలువుగా తలకిందులు చేసి పట్టుకోవాలి, వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది. ట్యూబ్ నోటికి వేలు అడ్డం పెట్టి ఊపకూడదు, మూతే పెట్టాలి. రీడింగ్: అమ్మోనియా 2, నైట్రైట్ 0, పీహెచ్ 8.2, కేహెచ్ (నీటి ఆల్కలినిటీని, అంటే క్షారతను, డిగ్రీల్లో చెప్పే అంకె) 9, వేడి 27 డిగ్రీలు.

9వ రోజు. అమ్మోనియా ఇంకా 2 దగ్గరే. సెలినిటీ మాత్రం 36.7. మూడు రోజులు నీళ్లు పొయ్యకపోవడంతో మట్టం ఒకటిన్నర సెంటీమీటర్లు దిగింది. ఈ ట్యాంకులో అంటే దాదాపు 4 లీటర్లు. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు కాదు. అందుకే పోయాల్సింది ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున్నే ఆ గీత దాకా పోస్తే ఈ గొడవ ఉండదు. ఫ్యాన్ కింద ట్యాంక్ ఉంటే మరీ ముఖ్యం.

16వ రోజు. అమ్మోనియా 0.25, నైట్రైట్ కార్డు చివరి ఊదా రంగు, అంటే 5. నైట్రేట్ పరీక్ష చేస్తే 80! ఇక్కడ కిట్‌ని కాదు, లెక్కని నమ్మాలి. 2 పీపీఎం అమ్మోనియా మొత్తం మారిపోయినా వచ్చే నైట్రైట్ 5.4, అదంతా నైట్రేట్ అయితే 7.3. వేసిన దాంట్లోంచి 80 ఎక్కణ్ణించి వస్తుంది? ఆ పరీక్ష నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి రంగు తెప్పిస్తుంది, కాబట్టి నీటిలో అప్పటికే ఉన్న నైట్రైట్‌ కూడా ఆ రంగులో చేరిపోతుంది. నైట్రైట్ సున్నా అయ్యేదాకా నైట్రేట్ సీసా మూత తియ్యనక్కర్లేదు.

ఆ 0.25 సంగతి కూడా చెప్పాలి. ఇంకో నాలుగు రోజులు అదే లేతాకుపచ్చ కనిపిస్తూ వచ్చింది. రెండో ట్యూబులో అప్పుడే కలిపిన ఉప్పునీళ్లు పోసి అవే చుక్కలు వేసి పక్కన పెడితే, అదీ అదే రంగు. కార్డు మీద సున్నాకి రంగు పసుపు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఆ పసుపు కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. అప్పట్నించి పరీక్షలన్నీ పొద్దున 8కి, కిటికీ వెలుగులో, ట్యూబ్‌ను కార్డు తెల్ల భాగానికి ఆనించి. అమ్మోనియా నిజానికి సున్నాయే.

24వ రోజున మరో 57 మి.లీ. పోస్తే మర్నాటికి అమ్మోనియా 0. నైట్రైట్ మాత్రం కదల్లేదు. ఈ దశ నెమ్మదిగానే నడుస్తుంది, ఓపిక పట్టడమే. 36వ రోజుకి నైట్రైట్ సున్నా. మూడో డోసు పోశాం. 24 గంటల్లో రెండూ సున్నా.

37వ రోజు. ఇప్పుడు నైట్రేట్. రెండో సీసాలో అడుగున పొడి పేరుకుంటుంది, దాన్ని 30 సెకన్లు గట్టిగా ఊపాలి, చుక్కలు వేశాక ట్యూబ్‌ను ఒక నిమిషం. ఊపకపోతే రీడింగ్ ఉత్తుత్తిగా తక్కువ వస్తుంది. కార్డు మీద 20. మూడు డోసులు కలిపి 6 పీపీఎం, లెక్క ప్రకారం 22 రావాలి. సరిపోయింది. కేహెచ్ 9 నుంచి 7కి దిగింది. అదీ లెక్కే: ఆరు పీపీఎం అమ్మోనియా మారడానికి దాదాపు 2 డిగ్రీల కేహెచ్ ఖర్చవుతుంది. కేహెచ్ కిట్‌లో 5 మి.లీ.కి చుక్కకు ఒక డిగ్రీ, 10 మి.లీ. తీసుకుంటే చుక్కకు అర డిగ్రీ దాకా తెలుస్తుంది. ఆక్వా ల్యాబ్‌లో చేయిస్తే ఆల్కలినిటీ పీపీఎంలో ఇస్తారు, దాన్ని 17.9తో భాగించాలి.

పీహెచ్ 7.9. పీహెచ్ పెంచే మందు కొనబుద్ధి వేసేది ఇప్పుడే. కొనకముందు గ్లాసుడు ట్యాంక్ నీళ్లు బాల్కనీలో పెట్టి గంటసేపు గాలి పంపు ఆడిస్తే 8.2కి ఎక్కింది. లోపం నీటిది కాదు, తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ది. రోజూ కాసేపు కిటికీ తెరిస్తే సరి.

38వ రోజు. 27 లీటర్లు మార్చాం, సరిగ్గా కిలో ఉప్పు పట్టింది. నైట్రేట్ 15 దగ్గర, కేహెచ్ 7.5.

40వ రోజు. హేచరీలో పుట్టిన రెండు ఆసిలారిస్ క్లౌన్ చేపలు. షాపు సంచి నీళ్లలో రిఫ్రాక్టోమీటర్ 30 చూపించింది, ట్యాంకులో 35. ఒక్కసారిగా వదలకుండా గంటన్నర సేపు సన్న గొట్టంతో చుక్కచుక్కగా ట్యాంక్ నీళ్లు కలిపి, చేపల్ని వలతో తీసి వదిలాం. సంచి నీళ్లు ట్యాంకులో పొయ్యలేదు. ఆ నీటిలో పేరుకున్న అమ్మోనియా, పీహెచ్ పెరిగేకొద్దీ విషంగా మారుతుంది: పీహెచ్ 7 దగ్గర అందులో అర శాతం మాత్రమే విషరూపంలో ఉంటే, 8.2 దగ్గర 7 శాతం.

49వ రోజు. వారం రోజులుగా అమ్మోనియా 0, నైట్రైట్ 0. సెలినిటీ 35, పీహెచ్ 8.0, కేహెచ్ 7.5, నైట్రేట్ 15. ఇకనుంచి సెలినిటీ రెండు రోజులకోసారి, కేహెచ్, నైట్రేట్ వారానికోసారి. అమ్మోనియా మాత్రం కొత్త చేప వేసినప్పుడు, లేదా ఉన్న చేప మేత మానేసినప్పుడు. కాల్షియం, మెగ్నీషియం కిట్లు పగడాలు పెట్టేదాకా కొననక్కర్లేదు.