అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు: నా గిరి ప్రదక్షిణ అనుభవం

మామూలు రోజుల్లో సింహాచలం వెళ్లడానికి ఎవరి సలహా అక్కర్లేదు. విశాఖపట్నం పెరిగి పెరిగి కొండ కింద ఉన్న అడవివరాన్ని కూడా తనలో కలిపేసుకుంది. 28 నంబరు సిటీ బస్సు ఎక్కితే కొండ కింద దింపుతుంది. అక్కడినుంచి దేవస్థానం బస్సులో పైకి వెళ్తాం, దర్శనం చేసుకుంటాం, ప్రసాదం కొనుక్కుని దిగుతాం. కానీ ఏడాదిలో రెండు రోజులు ఈ లెక్కలేవీ పనిచేయవు. ఒకటి, ఏడాదంతా చందనం పూతలో ఉండే అప్పన్నస్వామి నిజరూపంలో కనిపించే అక్షయ తృతీయ. రెండోది ఆషాఢ పౌర్ణమికి ముందురోజు జరిగే గిరి ప్రదక్షిణ. ఆ మధ్యాహ్నం మొదలుపెట్టి లక్షల మంది సింహగిరి కొండల వరస చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా నడుస్తారు. నేను రాస్తున్నది ఈ నడక గురించే.

నాకు నలభై దాటాయి. హైదరాబాద్‌లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పొద్దున పార్కులో అరగంట తిరగడం తప్ప నడక అలవాటు లేదు. అయినా నడవగలిగానంటే, మొక్కు బలం ఎంత ఉందో మా వదిన ముందుచూపు అంత ఉంది. ఆవిడది గోపాలపట్నం. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నడుస్తున్న మనిషి. అందుకే ఈ కింద రాసినవాటిలో చాలావరకు ఆవిడ చెప్పినవే, నా కాళ్లతో సరిచూసుకున్నాను.

ముందు ప్రయాణం సంగతి. మేం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. తెల్లవారేసరికి విశాఖలో దింపింది, మధ్యాహ్నం దాకా నిద్రపోవడానికి టైమ్ దొరికింది. నడక రోజున ఈ నిద్ర చాలా ముఖ్యం, మర్నాడు సూర్యుడు వచ్చేదాకా మళ్లీ నడుం వాల్చే వీలుండదు. తిరుగు టికెట్ మాత్రం పౌర్ణమి పొద్దున్నే ఉండే రైలుకు పెట్టుకోకండి. ఆ రోజు రాత్రికో, మర్నాటికో తీసుకోండి, అదీ లోయర్ బెర్త్. అంత నడిచాక పై బెర్తుకు నిచ్చెన మెట్లు ఎక్కడం ఎంత కష్టమో మా బోగీలో ఒక కుర్రాణ్ణి చూస్తే అర్థమైంది. బస లాడ్జిలో అయితే ముందే మాట్లాడుకోవాలి. మా బంధువులు కొందరు కొండ కింద ఒక లాడ్జిలో ఫోన్‌లో గది చెప్పించుకున్నారు. తీరా వెళ్తే రేటు రెట్టింపు చెప్పారట. డబ్బు కట్టి రసీదు చేతిలో ఉంటేనే గది ఉన్నట్టు లెక్క. స్టేషన్ వైపో, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపో దిగితే ఈ గొడవ తక్కువ.

మధ్యాహ్నం నుంచి కొండ కింది రోడ్ల మీద వాహనాలు ఆపేస్తారు. ఆటో ఎక్కడ ఆగిపోతే అక్కడినుంచి నడకే. ప్రదక్షిణకు ముందే నాలుగైదు కిలోమీటర్లు నడవాల్సి రావచ్చు, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

నడక మొదలయ్యేది తొలి పావంచా దగ్గర, అంటే కొండ మెట్ల దారి మొదట్లో. అక్కడ కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. మధ్యాహ్నం పూలతో అలంకరించిన స్వామివారి రథం కదిలే వేళకు తోపులాట ఎక్కువ. కోలాటాలు, భజనలు, "సింహాద్రి అప్పన్నకీ జై" అనే కేకలు అన్నీ చూడాలనుకునేవాళ్లకు అదే సరైన సమయం. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం పొద్దువాలాక రావడమే మంచిది. వదిన మమ్మల్ని అప్పుడే తీసుకెళ్లింది. ఎండ ఉండదు, తారు రోడ్డు అరికాళ్లను కాల్చదు.

అక్కడ నేల చూసుకుని అడుగు వేయాలి. వేలాది కాయలు పగిలిన చోటది. పారిశుద్ధ్య కార్మికులు పారలతో ఎత్తిపోస్తున్నా క్షణంలో మళ్లీ చిప్పలు పోగుపడతాయి. చిప్ప అంచు చాకులా కోస్తుంది, కొబ్బరినీళ్లతో నేల జారుతుంది. నా ముందు నడుస్తున్న ఒక అమ్మాయి బొటనవేలు అక్కడే తెగింది. కట్టు కట్టించుకుని పది అడుగులైనా వేయకముందే వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. కాయ కొట్టేదాకా చెప్పులు వేసుకునే ఉండండి. ఆ గుంపు దాటాక విప్పి సంచిలో పెట్టుకోండి. చెప్పుల్లేకుండా నడవాలన్నది చాలామంది మొక్కు, నాదీ అదే. కానీ చెప్పులు ఇంట్లో వదిలి రాకండి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఒట్టికాళ్లతో నడవకూడదని నా గట్టి అభిప్రాయం. కాలికి పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది, అప్పన్న అది కోరుకోడు.

అరికాళ్లకు కొబ్బరినూనె, వేళ్ల సందుల్లో వాజిలీన్ పట్టించమంది వదిన. తొడలు ఒరుసుకునేవాళ్లు అక్కడ కూడా రాసుకోవాలి. సంచిలో పాత మెత్తటి నూలు సాక్సులు రెండు జతలు పెట్టింది. రోడ్డు గరుకుగా ఉన్నచోట అవి ప్రాణం నిలబెట్టాయి. చీరకన్నా చుడీదార్ మేలు. ఆషాఢం కాబట్టి వాన వస్తుందనే అనుకోవాలి. గొడుగు ఆ గుంపులో పక్కవాళ్ల కంట్లో పొడుచుకుంటుంది, పల్చటి రెయిన్‌కోటు చాలు. ఫోన్ ఒక కవర్లో, కొంచెం చిల్లర, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వేసుకునే మందులు. బంగారం ఇంట్లోనే ఉంచండి.

మొదటి భాగం అడవివరం నుంచి ముడసర్లోవ మీదుగా హనుమంతవాక దాకా. కొండగాలి, వెడల్పు రోడ్డు, కాళ్లు తాజాగా ఉంటాయి, మనసంతా హుషారు. ఇక్కడే చాలామంది పరుగులాంటి నడక నడిచేస్తారు. సింహాచలం సంపెంగలకు, అనాసకు పేరున్న చోటు కాబట్టి దారిలో ముక్కలు కోసి అమ్ముతుంటారు. వదిన మాత్రం వేగం పెంచనివ్వలేదు. గంటకోసారి పది నిమిషాలు కూర్చోబెట్టింది, పదకొండో నిమిషానికి లేపేసింది. ఎక్కువసేపు కూర్చుంటే పిక్కలు బిగుసుకుపోతాయి. పక్కనే అరుగు మీద పడుకున్నవాళ్లు లేవలేక అవస్థపడటం దారిపొడవునా చూశాను.

హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి దాటి విశాలాక్షినగర్ మీదుగా సముద్రం వైపు దిగుతాం. జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం చేయడం ఆచారం. విశాఖ తీరంలో అలలు పైకి కనిపించినంత మంచివి కావు, కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. పోలీసులు, గజ ఈతగాళ్లు ఉన్నా చీకట్లో అంతమందిని కనిపెట్టుకోవడం వాళ్ల తరమా? పాదాలు తడుపుకుని, నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు. ప్రాణభయం సంగతి పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది. ఉప్పునీళ్లతో తడిసి, ఇసుక అంటిన బట్టలతో మిగతా దారి నడిస్తే ఒళ్లంతా ఒరుసుకుపోయి మంట. మునగాల్సిందేనని మొక్కుకున్నవాళ్లు పొడిబట్టలు వెంట తెచ్చుకోవాలి. పాదాలకున్న ఇసుక పూర్తిగా తుడిచాకే సాక్సులు వేసుకోవాలి. వేళ్ల సందుల్లో ఒక్క రేణువు ఉన్నా బొబ్బ లేస్తుంది.

సముద్రం దగ్గరికి రాగానే సగం అయిపోయిందని అందరూ అనుకుంటారు. ఇంకా కాలేదు. అక్కడ ఆ మాట తెలిసి ఉంటే మనసు తర్వాత కుంగదు.

అక్కడినుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార. ఇది నగరం మధ్యలో నడక, నా మనసుకు బాగా పట్టిన భాగం కూడా ఇదే. అర్ధరాత్రి దాటినా ఇళ్లలో లైట్లు ఆరలేదు. ప్రతి వీధి మొదట్లో ఒక టెంటు, మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, వేడి పాలు. ఇచ్చేవాళ్లు బతిమాలుతున్నట్టు ఇస్తారు. సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక పెద్దావిడ కింద పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ల కాళ్లు ఒళ్లో పెట్టుకుని నొప్పి మందు రాస్తోంది. మా అమ్మ వయసు ఉంటుంది. నేను కాళ్లు వెనక్కి లాక్కుంటే, "చాపమ్మా, ఈ రాత్రి నువ్వు నా ఇంటి ముందుకొచ్చిన అప్పన్నవి, మొహమాటం దేనికి" అంది. చేతికి మందు వాసన, గోళ్లకు పసుపు. మడమ దగ్గర ఎక్కడ నొప్పో నేను చెప్పకుండానే బొటనవేలితో పట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్ల కాదు.

కానీ ఇచ్చిందల్లా తినకూడదు. పులిహోర, మిఠాయి, పాలు అన్నీ కలిసి తెల్లవారుజామున కడుపు తిప్పుతాయి. మజ్జిగ, అరటిపండు, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, ఇంతే తిన్నాను, తాగాను. అవసరానికి వెళ్లడానికి మగవాళ్లకెలా ఉన్నా ఆడవాళ్లకు కష్టమే. తాత్కాలిక మరుగుదొడ్లు ఉంటాయి కానీ క్యూలు పొడుగు. కాలనీల్లో ఇళ్లవాళ్లను అడిగితే ఎవరూ కాదనలేదు. ఆ భయంతో నీళ్లు తాగడం మానేయడం అన్నిటికన్నా ప్రమాదం.

మా ఆయనకు వెంకోజీపాలెం దగ్గర మోకాలు పట్టేసింది. ఎక్కడెక్కడ ఆగిపోవచ్చో వదిన ముందే చెప్పి ఉంచింది కాబట్టి టెన్షన్ పడలేదు. హనుమంతవాక, వెంకోజీపాలెం, తర్వాత ఎన్‌ఏడీ జంక్షన్ వైపు, ఈ మూడు చోట్లా పెద్ద రోడ్డు దగ్గర్లో ఉంటుంది, బండి దొరుకుతుంది. మేనల్లుడు బైక్ మీద వచ్చి తీసుకెళ్లాడు. ఫోన్లు ఆ రాత్రి సరిగ్గా కలవవు, అందుకని తప్పిపోతే ఎక్కడ కలవాలో, ఎక్కడికి బండి రావాలో ముందే అనుకోవాలి. పిల్లల చొక్కాకు ఫోన్ నంబరు రాసిన కాగితం పిన్ను పెట్టి తగిలించండి.

మాధవధారలో కొండమీంచి దిగే ధార దగ్గర కాళ్లు కడుక్కున్నాం. అన్ని గంటల తారు రోడ్డు తర్వాత ఆ చన్నీళ్లు పడేసరికి పాదాలు మళ్లీ నావి అనిపించాయి. ఆ తర్వాత మురళీనగర్, గోపాలపట్నం, ప్రహ్లాదపురం. అన్నిటికన్నా కష్టం ఇదే. పాటలు ఆగిపోతాయి, ఎవరూ మాట్లాడరు. వదిన తన ఇంటికి దగ్గర్లోంచే నడుస్తూ కూడా అటు తల తిప్పలేదు. చిన్న దూరాలు పెట్టుకుని నడవండి, ఆ దీపస్తంభం దాకా, ఆ టీకొట్టు దాకా అని. తెల్లవారే వేళకు గోశాల దాటి తొలి పావంచా చేరి దండం పెట్టుకున్నాం.

వెంటనే కొండెక్కి దర్శనం చేసుకోవాలా? మా వదిన మాట వద్దనే. అందరూ ఆ వేళకే వెళ్తారు, కాళ్లు క్యూలో నిలబడే స్థితిలో ఉండవు. కానీ పౌర్ణమి రోజుకో విశేషం ఉంది. అక్షయ తృతీయకు చందనం ఒలిచాక స్వామికి నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగులు, అంటే దాదాపు 125 కిలోల చొప్పున చందనం సమర్పిస్తారు. నాలుగో విడత ఆషాఢ పౌర్ణమికే. అందుకే మేం ఇంటికెళ్లి, గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని, పడుకుని లేచి సాయంత్రం బస్సులో పైకి వెళ్లాం. క్యూ బాగా పల్చబడింది. భక్తులు కోరిక చెప్పుకుని కౌగిలించుకునే కప్పస్తంభాన్ని మేమూ కౌగిలించుకున్నాం, 1516లో, మళ్లీ 1519లో కృష్ణదేవరాయలు వచ్చి మొక్కిన గుడిలో తీరిగ్గా కూర్చున్నాం.

మా అత్తగారికి డెబ్బై దాటాయి, నడవాలని ఆశ. ఆవిడలాంటివాళ్లు పౌర్ణమినాడు కొండమీద గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు, అదీ గిరి ప్రదక్షిణే అంటారు ఇక్కడివాళ్లు. వచ్చే ఆషాఢానికి ఆవిడను బస్సులో పైకి పంపి, మేం కింద నడుస్తాం. మా ఆయన మోకాలికి ఇప్పటినుంచే వ్యాయామం మొదలుపెట్టారు.