రేకు లోపల నయీంనగర్ మట్టి

ఆదివారం, రాత్రి పదిన్నర

గోళ్ళ సందుల్లో రెడ్ ఆక్సైడ్, అంటే తుప్పు పట్టకుండా రేకుకి పూసే ఎర్ర ప్రైమర్, ఇంకా పోలేదు, థిన్నర్‌తో రెండుసార్లు తుడిచినా. నడుం పట్టేసింది. అయినా ఈరోజుది ఈరోజే రాసి పెట్టుకోవాలి, లేకపోతే వచ్చే వారానికి ఏది ఎక్కడ ఆపానో గుర్తుండదు.

పొద్దున ఆరున్నరకే బండి కింద దూరాను. మా బండి మారుతి 800, 1996 మోడల్, పాత ఆకారంది, తెల్లది, ఏపీ 36 నంబరు. బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా ఉన్నప్పుడు కొన్నాడు. 1998లో ఇందులోనే మేడారం వెళ్ళాం. ముందు ఇద్దరం, వెనక నలుగురు, డిక్కీలో తల్లులకు మొక్కుకున్న బంగారం, అంటే బెల్లం. ఆ ఎండకి బెల్లం కరిగి గోనెసంచి డిక్కీకి అంటుకుపోయిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నేను ఇదే బండి మీద డ్రైవింగ్ నేర్చుకున్నాను, హంటర్ రోడ్డు మీద పొద్దున్నే, బాపు పక్కన కూర్చుని చేయి హ్యాండ్ బ్రేకు మీదే పెట్టుకుని.

పోయిన రెండు వారాలు ఎడమవైపు తుప్పు పని చేశాను. ఈరోజు కుడివైపు రన్నింగ్ బోర్డు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పోయే డబ్బాలాంటి రేకు అది, లోపల బోలుగా ఉంటుంది. లారీకి ఉన్నట్టు 800కి వేరే ఛాసిస్, అంటే బరువు మోసే ఇనప చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్, కాబట్టి ఈ డబ్బా రేకు తిన్నగా లేకపోతే జాకీ పెట్టిన రోజే బండి కుంగుతుంది, తలుపు మూసుకోదు. చూడ్డానికి అక్కడ ఉన్నది నాలుగు పొక్కులే. పెయింట్ కింద బఠాణీ గింజంత బుడిపెలు. ఇనుము తుప్పయినప్పుడు ముందుకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే పెయింట్‌ని లోపలినుంచి పైకి నెడుతుంది. పొక్కు కనబడిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందన్నమాట.

పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి అంచు పొడుగునా జరుపుకుంటూ వెళ్ళాను. మంచి రేకు దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. వెనక చక్రానికి జానెడు ముందు జారి కింద పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అక్కడినుంచి ముందుకి దాదాపు మూరెడు పొడుగున అసలు రేకే లేదు, ఉన్నదంతా పుట్టీ, సొట్టలు పూడ్చే ముద్ద. చాక్‌పీసుతో గీత గీసి, కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇది ఎక్కడిదో నాకు తెలుసు. 2023 జులై 27న హన్మకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడు బండి అక్క వాళ్ళింటి ముందు ఉంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు పడిన వాన అది. హన్మకొండలో అంత పడకపోయినా నాలా పక్కన ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, బండికి సీట్ల దాకా వచ్చాయి. తర్వాత ఒక షెడ్డులో ఇచ్చాం. వాళ్ళు సీట్లు తీసి ఎండబెట్టారు, మ్యాట్లు ఉతికారు, వారంలో తళతళలాడేలా పెయింట్ వేసి ఇచ్చారు, మేం సంతోషంగా డబ్బులిచ్చి తెచ్చుకున్నాం. మ్యాటు కింద అంటించి ఉండే మందపాటి ఫెల్ట్‌ని మాత్రం ఎవరూ తీయలేదు. అది తడిసిన బొంతలాంటిది, పైన ఎండినట్టే ఉంటుంది, కింద రేకుని నెలల తరబడి తడిగానే ఉంచుతుంది. పోయిన నెలలో దాన్ని పీకినప్పుడు వచ్చిన వాసన ఇంకా గుర్తుంది.

కోసే ముందు కాస్త తయారీ ఉంటుంది, దీంట్లో తొందరపడకూడదు. బ్యాటరీ నెగెటివ్ తీసేశాను. ఆ వైపు సీటు, మ్యాటు, ప్లాస్టిక్ పట్టీలు, వైరింగ్ అన్నీ పక్కకి. అద్దాల మీద తడి దుప్పటి కప్పాను, ఎందుకంటే గ్రైండర్ రవ్వలు అద్దానికి తగిలితే చిన్న చిన్న గుంటలు పడి అక్కడే నాటుకుపోతాయి, ఎంత రుద్దినా పోవు. పక్కన బకెట్ నీళ్ళు, తడి గోనెసంచి. తర్వాత తలుపు సందుని టేపుతో మూడు చోట్ల కొలిచి గోడమీద పెన్సిల్‌తో రాసి పెట్టాను. కోసాక బాడీ కుంగితే ఈ అంకెలే చెబుతాయి.

ముందు పుట్టీ రాలగొట్టాను. తొమ్మిది మిల్లీమీటర్లు మందం ఉంది. దాని వెనక ఫైబర్ గుడ్డ, గుడ్డ వెనక ఉండ చుట్టి కూరిన న్యూస్‌పేపరు. పేపరు! నీళ్ళు పీల్చే పుట్టీ వెనక నీళ్ళు పీల్చే పేపరు పెట్టి మూశారు. కోపం వచ్చింది, ఇది రాస్తుంటే కూడా వస్తోంది. అక్కడ చిల్లు ఉందని చెబితే అయిపోయేది, రేకు వేయడానికి ఇంకో వారం పడుతుందని చెప్పినా మేం ఆగేవాళ్ళం.

పేపరు లాగితే వెనకనుంచి మట్టి రాలింది. నల్లటి మట్టి, ఎండి పెచ్చులు కట్టింది. స్క్రూడ్రైవరుతో గీకుతుంటే వస్తూనే ఉంది, చిన్న పళ్ళెం నిండింది. అందులో గోరంత నత్తగుల్ల ఒకటి. ఆ రోజు నాలా నీళ్ళతో వచ్చి ఇన్నాళ్ళూ మా బండిలోనే తిరిగింది. మడికొండ వెళ్ళినప్పుడు, జనగామ పెళ్ళికి వెళ్ళినప్పుడు, అమ్మని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడు, అంతటా.

బాపు కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూశాడు. వేలు పెట్టి రేకు అడుగున ఏదో వెతికాడు. ఇలాంటి డబ్బా రేకుకి అడుగున చిన్న చిన్న రంధ్రాలు వదులుతారు, లోపలికి పోయిన నీళ్ళు దిగిపోవడానికి. రెండు దొరికాయి, రెండూ మట్టితో, పైనుంచి పూసిన పెయింట్‌తో మూసుకుపోయి ఉన్నాయి.

"తుప్పు దాని తప్పు గాదు బిడ్డా, నీళ్ళు పొయ్యే తొవ్వ మూసిండ్రు" అన్నాడు. అని ఇంట్లోకి వెళ్ళి సైకిల్ పుల్ల తెచ్చి తనే ఆ రంధ్రాలు పొడవడం మొదలుపెట్టాడు. డెబ్భై నాలుగేళ్ళు. కింద కూర్చోవద్దంటే వినడు.

కోయడం పావుగంట పని. ఎంత కోయాలన్నది అసలు సంగతి. తుప్పు కనబడే చోటుదాకే కోస్తే అంచున మిగిలిన పలచటి రేకుకి వెల్డింగ్ తగలగానే కరిగి ఇంకా పెద్ద చిల్లవుతుంది. ఎడమవైపు నాకు అదే జరిగింది, ఒక పూటంతా చిల్లు వెనక చిల్లు పూడుస్తూ గడిచింది. ఈసారి స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూసి, గట్టిగా టంగుమన్న చోటునుంచి ఇంకో రెండు వేళ్ళు బయటికి వెళ్ళి గీత గీశాను. మొత్తం ఒకేసారి కాకుండా రెండు ముక్కలుగా, మొదటిది అతికాకే రెండోది. లోపలివైపు మిగిలిన పైపై తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్, తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, పూశాను. ఎర్రగా ఉన్నది కాసేపట్లో నల్లబడింది. పెచ్చులు ఊడుతున్న తుప్పు మీద అది పనిచేయదు, ముందు గీకాల్సిందే.

అచ్చు కోసం అమ్మని అట్ట అడిగితే పాత శుభలేఖలు ఇచ్చింది. మందంగా, వంచితే మడత నిలబడేలా ఉంటాయి, ఇంతకంటే మంచి అట్ట దొరకదు. దాన్ని చిల్లు మీద పెట్టి కత్తిరించి, రేకు మీద గీసుకున్నాను. రేకు 0.8 మిల్లీమీటర్ల సీఆర్ షీటు, అంటే జింకు పూత లేని ఉత్త ఉక్కు రేకు, వరంగల్లో రెండడుగుల చదరం కొన్నాను, తూకం వేస్తే రెండు కేజీల మూడు వందల గ్రాములు వచ్చింది. షాపతను జీఐ షీటు తీసుకో, తుప్పు పట్టదు అన్నాడు. వద్దన్నాను. దాని మీద ఉండే జింకు వెల్డింగ్ వేడికి తెల్లటి పొగై వస్తుంది, పీలిస్తే రాత్రికి చలిజ్వరం.

వంచే పని బాపుది. రెండు యాంగ్లర్ల మధ్య రేకు బిగించి కొయ్య సుత్తితో మెల్లగా, ఒకే చోట కాకుండా ఈ కొసనుంచి ఆ కొస దాకా, మళ్ళీ వెనక్కి, ఒక్కో వరసకి కొంచెం కొంచెం. నేనైతే ఒక్కచోటే కొట్టి సొట్ట తెచ్చేవాణ్ణి. ఆయన చేతిలో మడత గీత గీసినట్టు వచ్చింది. వణికే చేయి సుత్తి పట్టుకోగానే వణకడం మానేసింది, ఇది నేను కళ్ళారా చూశాను.

వెల్డింగ్‌కి నా చిన్న మిగ్ మెషీన్, వైరు దానంతటదే వస్తూ కరిగే రకం, గ్యాస్ లేనిది, గ్యాస్ బదులు లోపల మందు ఉండే ఫ్లక్స్ వైరు. పలచటి రేకుకి అది కొంచెం ఎక్కువ వేడే. అందుకే ఈసారి ఫ్రిజ్ రాగి పైపుని సాగగొట్టి పట్టీలా చేసి సందు వెనక ఆనించి పెట్టాను. రాగికి వెల్డింగ్ అంటుకోదు, వేడిని మాత్రం తను లాక్కుంటుంది, రేకు చిల్లు పడదు. ఒక్కో చుక్క ఒక్క సెకను. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి, చేయి ఆనించగలిగేంత చల్లారాక మళ్ళీ. వరసగా లాగితే రేకు వేడికి సాగి, చల్లారేటప్పుడు ముడుచుకుని అలలు అలలుగా లేస్తుంది, ఇక దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు. మొదటి ముక్క అతకడానికి రెండు గంటలు పట్టింది. మధ్యలో బావ ఫోను, "ఆ బండికి ఇంత పనెందుకు, స్క్రాప్‌కి ఇచ్చి చిన్నది కొనుక్కోరాదు" అని. బావ మంచికే చెబుతాడు. ఇవ్వను బావా అన్నాను, అంతకంటే వివరంగా చెప్పడం రాలేదు. ఆ సుత్తి దెబ్బల చప్పుడు ఇంట్లో పదమూడేళ్ళ తర్వాత వింటున్నానని, బాపు రిటైరయ్యాక ఇంత సేపు ఒకే పని మీద ఉండటం ఇప్పుడే చూస్తున్నానని ఫోన్లో ఎలా చెప్పాలి.

మధ్యాహ్నం అమ్మ సర్వపిండి చేసింది. అక్కడే గోడ నీడన కూర్చుని తిన్నాం, బాపు చాయ్‌తో, నేను పెరుగుతో.

రెండో ముక్క తొందరగానే అయింది. తలుపు సందు మళ్ళీ కొలిచాను. మూడు చోట్లా గోడమీద అంకెలే, ఒక మిల్లీమీటరు కూడా తేడా లేదు. గ్రైండ్ చేశాక, పొద్దు గూకే వేళకి, రబ్బరు మూత ఉండే రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ లోపలికి పెట్టి బయటినుంచి చూస్తే సూదిమొనంత వెలుగు మూడు చోట్ల కనబడింది. మూడూ పూడ్చాను. తర్వాత రెడ్ ఆక్సైడ్. లోపల ముందే పూసిన ప్రైమర్ అతుకుల దగ్గర వేడికి కాలిపోయి ఉంటుంది, కాబట్టి వచ్చే ఆదివారం పొడుగు ట్యూబుతో మైనం స్ప్రే లోపలంతా పట్టించాలి. దానికంటే ముందు బయట అతుకు మీద సీలర్. పుట్టీ చివర్లో, అదీ ప్రైమర్ మీదే, పేపరు మందాన.

అంతా సర్దేశాక ఎడమవైపు ఒకసారి చూద్దామన్నాడు బాపు. అది ఆరి వారమైంది. బల్బు వైరు లాగి వెలుగు పెట్టాను. నా బిడ్డ చాప వేసుకుని నేల మీద బోర్లా పడుకుంది, కళ్ళు బండి అడుగున. నేను రన్నింగ్ బోర్డుకి రబ్బరు మూత ఉండే రంధ్రంలోంచి చెంబుడు నీళ్ళు మెల్లగా పోశాను. డబ్బా లోపల నీళ్ళు జారే చప్పుడు వినబడింది, తర్వాత ఏమీ లేదు, ఒకటి, రెండు, మూడు క్షణాలు.

"వచ్చినయ్ తాతా! రెండు దిక్కుల నుంచి వచ్చినయ్!"

బాపు అరచేయి కింద పెట్టి ఆ నీళ్ళు పట్టాడు, బల్బు దగ్గరికి తెచ్చి చూశాడు. మట్టి లేదు, తుప్పు రంగు లేదు.

"ఇంకో చెంబు పొయ్యిరా" అన్నాడు.

పోశాను.