చెవి దగ్గరి మాట

ఆదివారం, నల్లగొండ.

చర్చిలో పూజ ముగిశాక, పిల్లలకు క్రైస్తవ విశ్వాసం నేర్పే సత్యోపదేశ తరగతిలో తొమ్మిదేళ్ల పాప ఒకతె, "సత్యోపదేశం అంటే ఏంది టీచర్?" అని అడిగింది. ఇన్నేళ్లుగా ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయిస్తున్న నేను, ఆ మాటను విప్పి ఎన్నడూ చెప్పలేదు. సత్యాన్ని ఉపదేశించడమని చెప్పి పంపినా మనసు ఊరుకోక, భోజనమయ్యాక నిఘంటువులు ముందేసుకొని కూర్చున్నాను.

సత్యోపదేశాన్ని ఇంగ్లీషువారు కెటకిజం అంటారు; ఆ మాటకు మూలం కతేఖెయిన్ అనే గ్రీకు క్రియ. 'కత' అంటే కిందికి, 'ఏఖోస్' అంటే ధ్వని; పలికిన మాట వినేవాని చెవిలోకి దిగేలా చెప్పడమన్న మాట. ప్రతిధ్వనిని ఎకో అనడం కూడా ఆ కుటుంబంలోదే. ఉపదేశం పొందేవాడు తన మంచి పదార్థాలన్నిటిలో ఉపదేశించేవానికి భాగమివ్వాలని బైబిలులో గలతీయులకు రాసిన లేఖలో అపొస్తలుడు పౌలు చెప్పినప్పుడు (6:6), ఆ ఇద్దరినీ ఈ ఒక్క క్రియతోనే సూచించాడు. 1529లో జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ తన చిన్న ఉపదేశ గ్రంథాన్ని అచ్చు వేయించినప్పుడు సైతం, ఇంటి పెద్ద తన ఇంటివారికి నేర్పవలసిన ప్రశ్నోత్తరాలుగానే దాన్ని రాశాడు.

మా అమ్మకు చదువు రాదు. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో, కూలి నుంచి వచ్చినవాళ్లను ఉపదేశి, అంటే సత్యోపదేశం నేర్పేవాడు, కందిలి వెలుగులో కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం తాను పలికి వాళ్లచేత పలికించేవాడట. అమ్మ కూడా అట్లాగే జొన్నరొట్టె తడుతూ, చెయ్యి ఆపకుండానే, "మనలను సృజించినది ఎవరు?" అనేది. "సర్వేశ్వరుడు" అని మేము అనాలి. తడబడితే పెనం మీది రొట్టె తిప్పేలోగా మళ్లీ అడిగి, "చెవిల ఇల్లు గట్టుకొని చెప్తె గని మీకెక్కది" అనేది. గ్రీకు క్రియకు ఇంతకన్న దగ్గరి తెలుగు నాకు ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

ఉపదేశంలో 'ఉప' అంటే దగ్గర, 'దిశ్' ధాతువుకు చూపడమని అర్థం. దగ్గరుండి చూపేదే ఉపదేశం. మంత్రోపదేశమైతే చెవిలోనే చేస్తారు. ఎక్కడో పుట్టిన రెండు మాటలు చెవి దగ్గర కలుసుకోవడం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

వచ్చే ఆదివారం పుస్తకం మూసిపెట్టి, ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకొని, అమ్మ అడిగిన మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను.