గోల్ వెనకాలే నిలబడి: ఛాంపియన్ హిల్‌లో ఓ శనివారం

లండన్ బ్రిడ్జ్‌లో సదరన్ కంపెనీ రైలెక్కి, పెకమ్ రై దాటాక వచ్చే స్టాపులో దిగాను. స్టేషన్ బోర్డు మీద ఈస్ట్ డల్విచ్ అని రాసినా పలకడం మాత్రం ‘డలిచ్’. అక్కడి నుంచి డల్విచ్ హామ్లెట్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం ఛాంపియన్ హిల్‌కు ఐదు నిమిషాల నడక చాలు. గుర్తు పట్టాలంటే సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్‌ను వెతుక్కోండి, మైదానం దాని పక్కనే. దారి పేరు ఎడ్గార్ కైల్ వే. కైల్ ఈ క్లబ్బులో జీతం తీసుకోకుండా ఆడుతూనే 1929లో ఇంగ్లండ్ తరఫున మూడు మ్యాచ్‌లు ఆడాడు.

ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్ల కింద ఉన్నదంతా నాన్-లీగే. నేను చూసింది ఏడో మెట్టు, ఇస్థ్మియన్ లీగ్ ప్రీమియర్ డివిజన్. అలాగని గల్లీ ఆట అనుకోవద్దు. గెలుస్తూ పోతే పైకెక్కే దారి నిజంగానే ఉంది. ఐదో మెట్టు ఛాంపియన్ నేరుగా నాలుగో మెట్టుకు చేరడం 1987లో మొదలైంది.

బయల్దేరే ముందు ఒక పని తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన పడినా, మంచు గడ్డకట్టినా ఆ ఉదయమే రిఫరీ వచ్చి మైదానం చూసి మ్యాచ్ వాయిదా వేయవచ్చు. గడ్డిలో నీళ్లు నిలిస్తే బంతి దొర్లదు, నేల గడ్డకడితే ఆటగాళ్ల మోకాళ్లకు ముప్పు. కృత్రిమ గడ్డి ఉన్న చోట వానతో ఈ బెడద తక్కువ. ఇంకో చిక్కు, రెండు జట్లలో ఏది కప్ పోటీలో ముందుకెళ్లినా లీగ్ మ్యాచ్ శనివారం నుంచి మంగళవారం రాత్రికి మారిపోతుంది. నెల క్రితం చూసుకున్న తేదీని నమ్మకండి. ఆ రోజు ఉదయం క్లబ్బు పెట్టిన కబురు చూశాకే రైలెక్కండి.

ఆట మూడింటికి. రెండింటికే లోపల ఉంటే మంచిది. ఎండ కాసే శనివారాల్లో టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు) దగ్గర లైను పెరుగుతుంది. బ్రిటన్‌లో శనివారం 2:45 నుంచి 5:15 దాకా సాధారణంగా ఫుట్‌బాల్ మ్యాచ్‌లను టీవీలో ప్రత్యక్షంగా చూపరు. ఇలాంటి చిన్న క్లబ్బుల గేటు రాబడిని కాపాడేది ఆ నియమమే.

ఇక్కడ బీరు గ్లాసుతో టెర్రస్ మీద, అంటే నిలబడి చూసే కాంక్రీటు మెట్ల మీద, ఆట చూడొచ్చు. పై ఐదు మెట్ల క్లబ్బుల మ్యాచ్‌లలో మైదానం కనిపించే చోట మద్యం నిషేధం. ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్‌లో క్వాలిఫయింగ్ రౌండ్లు దాటినా అంతే. వార్మప్ జరుగుతుండగా మాత్రం గోల్ వెనక గ్లాసు పట్టుకుని నిలబడకండి. గురి తప్పిన షాట్లన్నీ అటే వస్తాయి.

ఎక్కడ నిలబడాలి? ఎత్తుగడలు అర్థం కావాలంటే మధ్యగీత దగ్గర. కోచ్ తిట్లూ, లైన్స్‌మన్‌తో వాదనలూ, గోల్‌కీపర్ తన డిఫెండర్లను ‘ఇంకా పైకి’ అని కేకేయడమూ అన్నీ చెవిన పడతాయి. నా ఓటు మాత్రం గోల్ వెనక్కే. తొందరపడి చోటు పట్టుకోవద్దు, టాస్ అయ్యేదాకా ఆగండి. టాస్ గెలిచిన కెప్టెన్ వైపు మార్చమంటే, అప్పటిదాకా రెయిలింగ్‌కు ఆనుకున్న వాళ్లంతా జెండాలు చుట్టుకుని అవతలి గోల్ వైపు నడుస్తారు. తమ జట్టు ఏ గోల్ మీద దాడి చేస్తుందో దాని వెనకాలే ఉండాలి మరి! విరామంలో మళ్లీ అదే వలస. రెండు జట్ల అభిమానులను వేరు చేసే కంచె లేని చోటే ఇది సాధ్యం. ఎదురుపడ్డ అవతలి జట్టు వాళ్లతో రెండు మాటలు విసురుకోవడం ఇందులో భాగమే, అంతకు మించి ఏమీ ఉండదు.

విరామం పదిహేను నిమిషాలే కాబట్టి అందరూ ఒకేసారి టీ కొట్టు మీద పడతారు. ముందు చోటు మార్చుకుని, ఆట మళ్లీ మొదలైన ఐదు నిమిషాలకు టీకి వెళ్లాను, లైను లేదు. చలికాలం వెళ్లేవాళ్లు మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. కోటు ఎంత మంచిదైనా కాంక్రీటు మీద రెండు గంటలు నిలబడితే చలి అరికాళ్ల నుంచే ఎక్కుతుంది.

1948 ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా మెక్సికోను 5-3తో ఓడించింది ఇక్కడున్న పాత స్టేడియంలోనే. అవే క్రీడల్లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఫ్రాన్స్‌తో తలపడి, రెండు పెనాల్టీలు చేజార్చుకుని 1-2తో ఓడింది లండన్‌కు ఇంకో అంచున, ఇల్ఫర్డ్‌లో. ఇప్పటి స్టాండు 1992 నాటిది.

చివరి విజిల్ పడగానే స్టేషన్‌కు పరిగెత్తకండి, ప్లాట్‌ఫాం కిక్కిరిసి ఉంటుంది. స్టాండు వెనక బార్‌లో అరగంట కూర్చుంటే తర్వాతి రైల్లో సీటు దొరుకుతుంది.