పిల్స్నర్: మెత్తటి నీళ్ళు, మొలకల గింజలు, చలి

అనంతపురంలో మా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర చూసినప్పుడల్లా, చెక్ దేశంలోని పిల్సెన్ పట్టణపు నీళ్ళ గురించి చదివింది గుర్తుకు వస్తుంది. లవణాలు దాదాపు లేని ఆ నీటితోనే, 1842 అక్టోబరు 5న, నేటి జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన బీరు తయారీదారు జోసెఫ్ గ్రోల్ అక్కడ పిల్స్నర్ అనే బంగారు రంగు లాగర్‌ను, అంటే చలిలో పులియబెట్టి నిలవ ఉంచే బీరును, తయారు చేశాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, పాడైన 36 పీపాల బీరును ఆ ఊళ్ళో వీధిలో పారబోశారు.

మా అమ్మ రాగులను నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లటి మొలకలు తొంగిచూడగానే ఎండబెట్టి మాల్టు చేసేది. బార్లీకీ అదే దారి. కాకపోతే పొగ తగలని సన్నటి వేడితో ఆరబెట్టడం వల్లే పిల్స్నర్‌కు ఆ లేత రంగు దక్కింది. ఆ మాల్టును దంచి సుమారు 65 డిగ్రీల నీటిలో ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి రసాన్ని చేదునిచ్చే హాప్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి 10 డిగ్రీల ప్రాంతంలో పులియబెట్టి, ఆపై సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి నిలవ ఉంచుతారు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ ఓపికే.

జర్మన్లు ఇందులో తీపి తగ్గించి, తమ హాలర్టావ్, టెట్నాంగ్ ప్రాంతాల హాపుల చేదును ముందుకు తెచ్చారు. 1870లలో జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రం రావడంతో, మంచు గుహల అవసరం తీరి, మా సీమ లాంటి ఎండల నేలలోనూ లాగర్ తయారీ సాధ్యమైంది.